మాస్టరమ్మకి మొగుడు పెట్టిన టిక్కులు

బట్టల కంపెనీలో కటింగ్ అంతా ఆవిడ చేతిలోనే ఉండేది. అందరూ మాస్టరమ్మ అనేవాళ్లు. నోరు కూడా కత్తెరకి తీసిపోయేది కాదు. మేనేజరు తప్పుడు కొలత చెబితే మొహం మీదే అనేసేది. ఇంట్లోనూ అంతే.

స్కూటర్ మీంచి పడి తలకి గట్టి దెబ్బ తగిలింది. కుట్లు మానాయి, మాటా తిరిగొచ్చింది. కానీ స్టవ్ ముందు నిలబడితే ముందు గిన్నె పెట్టాలో, మంట వెలిగించాలో తోచేది కాదు. ఎవరైనా చెబితే చేసేది. చెప్పకపోతే అలాగే నిలబడిపోయేది.

ఆస్పత్రిలో సైకాలజిస్టు మొగుడికీ పెళ్లానికీ చెరో ప్రశ్నపత్రం ఇచ్చింది, రెండూ ఆవిడ గురించే. పని మొదలుపెట్టడం కష్టంగా ఉందా? ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదా? మధ్యలో వదిలేస్తున్నారా? ఇలాంటివే అన్నీ. మాస్టరమ్మ దాదాపు ప్రతిదానికీ 'చాలా ఎక్కువ' దగ్గర టిక్కు పెట్టింది. ఆయన మాత్రం పైనుంచి కిందిదాకా 'అస్సలు లేదు' అని గీసిచ్చాడు.

సైకాలజిస్టు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "మామూలుగా ఇది తిరగబడి ఉంటుందండీ. నాకేం కాలేదని పేషెంటు అంటారు, ఇంట్లోవాళ్లు మొత్తుకుంటారు. మీకు ఆవిడలో ఏ తేడా కనిపించలేదా?"

"ఎందుకు కనిపించలేదు మేడమ్? ఇప్పుడే బాగుంది. ఇదివరకు నేనొకటంటే తను పదనేది. ఇప్పుడు కూర్చోమంటే కూర్చుంటుంది, లెమ్మంటే లేస్తుంది."

"అదేనండీ జబ్బు."

"అలాంటి జబ్బయితే ఉండనివ్వండి," అని నవ్వాడాయన.

మాస్టరమ్మకి జవాబు గొంతుదాకా వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో అందలేదు. అందేసరికి ఇద్దరూ బస్సులో ఉన్నారు.

పనులు వరసగా చేయడం మళ్లీ నేర్పే శిక్షణకి కొన్నాళ్లు తీసుకురమ్మంది సైకాలజిస్టు. ఆయన తీసుకెళ్లలేదు. మేనేజరుకి మాత్రం తనే ఫోన్ చేసి, "భేషుగ్గా ఉంది, పనిలోకి పంపుతున్నా" అన్నాడు.

వెళ్లిన వారంలోనే ఒక లాటు చొక్కాలకి మొత్తం కుడిచేతులే కత్తిరించింది. ఎడమచేతికి గుడ్డ మిగల్లేదు. మేనేజరు తిట్టలేదు, తిట్టినా బాగుండేది. స్టూలు చూపించి, కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించే పని ఇచ్చాడు. ఒకప్పుడు తను పని నేర్పిన పిల్లే ఇప్పుడొచ్చి, "అక్కా, ఇది పక్కన పెట్టి అది తీసుకో" అని మెల్లగా చెబుతోంది.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ తలెత్తింది.

"నేను ఇదివరకటిలా లేనని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి అలా ఎందుకు టిక్కులు పెట్టారు?"

"ఇప్పుడు మనింట్లో గొడవేమైనా ఉందా?"

ఆవిడ ఆలోచించింది. "లేదండీ."

"మరింకేం? లేచి గిన్నెలు కడుగు."

మాస్టరమ్మ లేచింది.