అందరికీ పనే

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. ఆమెకంటే నాలుగేళ్లు పెద్దవాడైన బాయిలర్ మనిషి కూడా అలాగే పిలిచేవాడు. ఇరవై ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే వచ్చి, వార్డుల నుంచి దిగిన దుప్పట్లు దులిపించి, మడతల్లో సూదులూ చెంచాలూ చిక్కుకున్నాయేమో చూసి, మరకలవి ఒక కుప్ప, మామూలువి ఒక కుప్ప వేయించేది. మధ్యాహ్నానికి కాళ్లు వాచి చెప్పుల్లో పట్టేవి కావు.

రోజంతా ఆమె నోట నలిగే మాట పని. బాయిలర్ మనిషిది హిందీ. అతను చేరిన కొత్తలో ఆమె "పని, పని" అని తొందరపెడితే పాపం దాహమేమో అనుకుని చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె ఆ నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ పని చెప్పింది.

ఒక వానాకాలం ఇస్త్రీ యంత్రం దగ్గర ముప్పై ఏళ్ల మనిషి ఒకామె కొత్తగా చేరింది. పొట్టిగా ఉంటుందని చిట్టి అన్నారు. ఆమెది మలయాళం. తెలుగు పట్టుమని పది మాటలు రావు. తలొంచుకుని చేసుకుపోయేది.

మూడో వారంలో ఒకరోజు ఇద్దరు రాలేదు. నాలుగు వార్డుల బట్టలు ఒక్కసారే వచ్చిపడ్డాయి. పెద్దక్కకు ఊపిరాడకుండా ఉంటే చిట్టి వచ్చి పక్కన నిలబడింది.

"పెద్దక్కా, నాకు పని" అంది మెల్లగా.

పెద్దక్క తలెత్తలేదు. "అందరికీ పనేనమ్మా. ఎవరికి లేదు చెప్పు?" అని ఇంకో ట్రాలీ ఆమె వైపు తోసింది.

చిట్టి ఒక్క క్షణం ఆగి, తలూపి, ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయింది. పదకొండింటికి ఆ ఆవిరిలోనే కుప్పకూలింది. బాయిలర్ మనిషి యంత్రం ఆపి పరుగెత్తుకొచ్చాడు. ఒళ్లు పట్టుకుంటే కాలిపోతోంది. పై అంతస్తులో ఆడవాళ్ల వార్డులో చేర్చారు.

అక్కడి నర్సుదీ మలయాళమే. ఒంట్లో బాగాలేకపోతే నోరు తెరిచి చెప్పొద్దా అని పెద్దక్క విసుక్కుంటే, పొద్దున చిట్టి ఏమందో నర్సు అడిగింది. విని, తమ భాషలో పని అంటే జ్వరమని చెప్పింది. చేసే పనిని పణి అంటారట. నాలిక కాస్త మడతపడితే పణి, లేకపోతే జ్వరం. అదే మాటకు తమిళంలో మంచు అని అర్థమనీ, చలీ వణుకుల నుంచే తమకది జ్వరంగా మారి ఉంటుందనీ అంది. మంచు సంగతి పెద్దక్క చెవికెక్కలేదు. తాను తోసిన ట్రాలీయే కళ్లముందు కదులుతోంది.

పెద్దక్క భర్త ఒకప్పుడు ఓడల్లో వంటవాడు. నడుము పట్టేసి ఇంట్లోనే ఉంటున్నాడు. సాయంత్రం ఆమె చెప్పిందంతా విని, పోలండు ఓడవాళ్లు గౌరవంగా అమ్మగారూ అనడానికి మన పనిలాంటి మాటే అంటారని చెప్పాడు.

"అక్కడికెళ్తే నిన్ను పనీ అని పిలుస్తారే."

"ఇక్కడ మాత్రం నన్నెవరు ఇంకోలా చూశారు?" అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పెద్దక్క వెళ్లి చిట్టి మంచం పక్కన కూర్చుంది. పొరపాటుగా విన్నాననీ, మనసులో పెట్టుకోవద్దనీ నర్సుతో చెప్పించింది. చిట్టి నీరసంగా ఏదో అంది. నర్సు తెలుగులో చెప్పడానికి కాస్త తటపటాయించింది.

"మీరు అందరికీ పనే అన్నారట కదా. ఇక్కడ అందరూ జ్వరంతోనే చేస్తారేమో అనుకుందట. మరి తానొక్కతే ఇంటికెళ్తానంటే బాగుండదని ఊరుకుందట."

పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుంది. అందులో అబద్ధమేముందని ఆమెకే అనిపించింది. కిందటి చలికాలంలో తానూ మాత్ర మింగి నాలుగు రోజులు అలాగే నిలబడింది. ఎవరూ అడగలేదు, తానూ చెప్పలేదు.

పదో రోజున చిట్టి తిరిగొచ్చింది. పెద్దక్క ఆమెను ఆవిరి నుంచి తప్పించి, మడతల బల్ల దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టింది. లాండ్రీ అధికారి వచ్చి స్టూలు ఎవరు వేశారన్నాడు. తానే వేశానంది పెద్దక్క. అందరూ కూర్చుంటే నిలబడేదెవరని అతను గొణిగాడు. ఆమె స్టూలు తియ్యలేదు. అతనే కాసేపు చూసి వెళ్లిపోయాడు.

ఆ వారంలో ఒకరోజు పెద్దక్క తాను రానని కబురు పంపింది. తొమ్మిదింటిదాకా పడుకుంది. లేచి చూసుకుంటే కాళ్ల వాపు అలాగే ఉంది. భర్త కాఫీ చేసి తెచ్చి, ఎలా ఉందని అడిగాడు. ఇంకో గంట పడుకుంటానంది.