సైదమ్మ గంజి ఆదివారాలు

ఈమధ్య మిర్యాలగూడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. చేతులు కడుక్కుందామని ఫంక్షన్ హాలు వెనక్కి నడిస్తే, వంటవాళ్ళు పెద్ద గుండిగలోంచి గంజి వారుస్తున్నారు. గుప్పున ఆవిరి లేచి ముఖానికి తగిలింది. ఇళ్ళల్లో అందరికీ కుక్కర్లు వచ్చాక ఆ వాసన చూసి ఎన్నేళ్ళయిందో! పట్టుచీరలో ఉన్నానన్న సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాను. "ఏం గావాలమ్మా?" అని వంటాయన అడిగేదాకా కదల్లేదు. నాకు సైదమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది.

ఎనభైల్లో నేను చదువుకున్న సూర్యాపేట ఆడపిల్లల హాస్టల్లో ఆమె వంటమనిషి. మాది వేములపల్లి. ఆరో తరగతిలో నన్ను అక్కడ చేర్చినప్పుడు మా అమ్మ ట్రంకు పెట్టెలో మూడు దువ్వెనలు పెట్టింది, ఎలాగూ విరుగుతాయని. నా జుట్టు అలాంటిది. రింగులు రింగులుగా, ఎండి గరుకుగా, జడ వేసిన గంటకే చెవుల పక్కన లేచి నిలబడేది. వెనక బెంచీ వాళ్ళు నన్ను 'గడ్డివాము' అనేవారు. లెక్కకు జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు, లేచి నిలబడితే అందరూ నా తలే చూస్తారని. హాజరు పిలిచినప్పుడు నేను పలికేది నాకే వినపడేది కాదు.

వార్డెన్ మేడమ్ కోదాడ మనిషి. చెడ్డది కాదు. అంతమంది పిల్లల తలలూ, వాటిలోని పేలూ ఆమె ప్రాణానికే చుట్టుకున్నాయి మరి. ఒకరోజు ప్రార్థన దగ్గర నా జడ పట్టుకుని, "ఏంటే పద్మా ఇది? చిక్కు తీసుకోవడం చేతకాకపోతే చెప్పు, ఆదివారం క్రాపు చేయించేస్తాను" అంది.

వంటింటి వెనక గోడవారన కూర్చుని ఏడుస్తుంటే సైదమ్మ బియ్యం చేట కింద పెట్టి వచ్చింది. ప్రార్థన దగ్గర మేడమ్ అన్న మాట ఆమె చెవినా పడ్డట్టుంది. తలమీది కొంగు తీసేసింది. నా ఏడుపు ఆగిపోయింది. ఆమెవీ రింగులే! కానీ మెత్తగా, నల్లగా, ఏ రింగుకా రింగు మెరుస్తున్నాయి.

"గీ జుట్టుతోని కొట్లాడొద్దు బిడ్డా," అంది. "మాది గొర్లోళ్ళ ఇల్లు. గొంగళ్ళ కోసం మా అవ్వ ఉన్ని చిక్కు తీస్తుంటె సూసేదాన్ని. ఎన్నడన్న గుంజిందా? లేదు."

చెయ్యి పట్టుకుని నన్ను నేరుగా వార్డెన్ గదికి తీసుకుపోయింది. "మూడు ఆదివారాలు నాకియ్యుండ్రి మేడమ్. అప్పటికీ గిట్లనే ఉంటే కత్తెర నేనే తెచ్చిస్త."

"మూడంటే మూడే, సైదమ్మా" అంది మేడమ్.

మొదటి ఆదివారం పొద్దున్నే బోరింగు దగ్గర కూర్చోబెట్టింది. కుంకుడు రసం మాడుకే రాసింది, కొసలకు తగలనివ్వలేదు. తర్వాత చల్లారిన గంజిలో నీళ్ళు కలిపి తలంతా పట్టించింది. కాసేపాగి కడిగింది. అంతా బాగానే ఉందనుకున్నాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక పిల్ల కేక పెట్టింది, "పద్మ తలల అన్నం ఉడికిందే!" అని. రింగు రింగులో ఒక మెతుకు అతుక్కుని ఉంది. హాలంతా ఒకటే నవ్వు. నేను కంచం వదిలి పారిపోబోతుంటే సైదమ్మ గరిటె పట్టుకుని హాలు మధ్యకు వచ్చింది. "అరే, వడగట్టుడు మర్శిన! తప్పు నాది, దానిది గాదు. నవ్వాలంటే నన్ను సూసి నవ్వుండ్రి" అని తానే మొదట పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. హాస్టల్‌కి వచ్చాక నేను గట్టిగా నవ్వడం అదే మొదలు.

రెండో వారం గంజిని గుడ్డలో వడగట్టింది. తువ్వాలుతో రుద్దనివ్వకుండా పాత నూలుచీర ముక్కతో అద్దింది. జుట్టు తడిగా ఉండగానే వేళ్ళతో కొసల నుంచి మొదలుపెట్టి, మెల్లగా పైపైకి చిక్కు తీసింది. "తడి మీదున్నప్పుడే మాటింటది. ఎండినంక మన మాట వినదు" అనేది. చివర్లో అరచేతిలో నాలుగు చుక్కల కొబ్బరినూనె. అంతే. ఆ చేతుల కింద చాలాసార్లు నిద్రపోయేదాన్ని.

మూడో ఆదివారం సాయంత్రం మేడమ్ ముందు నిలబడ్డాను. ఆమె నా జుట్టులో వేళ్ళు పెట్టింది. పైనుంచి కింది దాకా ఎక్కడా చిక్కుకోలేదు. రెండోసారి చూసింది. సైదమ్మ కొంగు సర్దుకుంటూ గోడ వైపు చూస్తోంది, ఏమీ పట్టనట్టు. మేడమ్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది: "నా జుట్టూ పీచులా అయిపోతోంది సైదమ్మా. దీనికి కూడా పనిచేస్తుందంటావా?"

మరుసటి ఆదివారం బోరింగు దగ్గర పదిమందిమి వరుసగా కూర్చున్నాం. చివర్న పీట వేసుకుని మేడమ్. "ముందు పిల్లలకు, తర్వాతనే మీకు" అని సైదమ్మ అంటే, "అలాగే" అని బుద్ధిగా తన వంతు కోసం కూర్చుంది. గడ్డివాము అన్న పిల్లలే నా రింగులు వేలికి చుట్టుకుని వదిలి, అవి ఎగరడం చూసి మురిసిపోయేవారు.

తొంభైల్లో నాకు కోదాడ స్కూల్లో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. సైదమ్మ అప్పటికి పని మానేసి, ఆ ఊళ్ళోనే బిడ్డ దగ్గర ఉంటోంది. ఒకరోజు తొమ్మిదో తరగతికి పాఠం చెప్పి బయటికి వస్తే వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది, రింగులు మాత్రం అలాగే ఉన్నాయి.

"పెద్దమ్మా, ఎప్పుడొచ్చినవ్? పిలవకపోతివి!" అన్నాను.

"చానసేపాయె. నువ్వు జెప్పేది నాకేం సమజ్ గాలేదు," అంది నవ్వుతూ. "గని నీ గొంతు గేటు దాక ఇనొచ్చింది బిడ్డా. గందుకే గీడనే కూసుండి ఇన్న."

నా జుట్టు గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అనలేదని నాకు తట్టింది కూడా ఆ రాత్రి ఇంటికి వెళ్ళాకే. ఆ తర్వాత ఎన్ని బళ్ళు మారినా నా గొంతు తగ్గలేదు. పక్క క్లాసు టీచర్లు వచ్చి, "కొంచెం మెల్లగా చెప్పండి మేడమ్, మా పిల్లలు కూడా మీ లెక్కలే చేస్తున్నారు" అని బతిమాలుతుంటారు. సరేనంటాను. కాసేపటికి మళ్ళీ మామూలే.