కుంట ఆవిరి

నీళ్ల ట్యాంకర్ కారి మా సిమెంటు రోడ్డు తడిసినప్పుడల్లా వేడి దుమ్ము వాసన వస్తుంది. నేరేడ్‌మెట్‌లో మా ఇంటి వెనకాల ఉండిన కుంట గుర్తొస్తుంది.

ఎండాకాలం సాయంత్రాలు నానమ్మ మట్టి వాకిట్లో నీళ్లు చల్లుతూ, "గీ ఆవిరి, కుంట ఆవిరి కలిసి మబ్బైతది బిడ్డా" అనేది. మా మీద పడే వాన మేం చల్లిన నీళ్లేనని నమ్మాను.

కుంటను పూడ్చడానికి మొరం మట్టి పోసిన రోజు ఏడుస్తూ నాన్నను అడిగాను. "ఇగ మనకు వాన యాడికెల్లి వస్తది?"

నాన్న నవ్వారు. "సముద్రంలకెల్లి వస్తది. పిచ్చి మాటలు మాట్లాడకు."

తడి నేలా చెరువులూ కూడా కొంత వాననిస్తాయని పెద్దయ్యాక చదివాను. నానమ్మ చెప్పింది మరీ పిచ్చి మాటేం కాదు.

ఆ మొరం మీద మొదటి ప్లాటు కొన్నది నాన్నే. ఇప్పుడు అక్కడ కట్టిన ఇంటి డాబా మీద నిలబడి, కురవకుండా పోయే మబ్బుల్ని రోజూ తిడుతుంటారు.