నోయిడా ఎండలో మేస్త్రి చెప్పిన ఆమెన్

ఢిల్లీ బేర్ సరాయ్‌లో నా గదికి కిటికీ లేదు. జూన్‌లో ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్లడంలో నా భక్తి ఎంతో, ఆ హాల్లోని ఏసీ వాటా ఎంతో నేనే చెప్పలేను. అలాంటిది, మా క్వయర్ నడిపే ఆర్.కె. పురం కరుణ ఆంటీ ఈసారి ఆరాధన నోయిడా ఎక్స్‌టెన్షన్‌లో, పాలమూరు కూలీలు పనిచేసే సైట్ దగ్గర అని ప్రకటించారు. అక్కడ ఒకామె వడదెబ్బకు పడిపోయిందట. “వేడి గురించి ప్రార్థన వేడిలోనే చేద్దాం” అన్నారు. పరీక్ష కోసం వాతావరణ న్యాయం మీద నోట్సు రాసి రాసి విసుగెత్తి ఉన్నాను. నేనూ వస్తానన్నాను.

ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి ఐదింటికే క్యాబ్ ఎక్కాం. ఎనిమిది వందలైతే పాస్టర్ గారు, ఆంటీ, నేను పంచుకున్నాం. “ఇంత పొద్దున్నే ఫ్లాట్ చూడ్డానికా, దీదీ?” అని డ్రైవర్ హిందీలో అడిగాడు. ప్రార్థనకని ఆంటీ చెప్పారు. “వాన కోసమైతే కాస్త గట్టిగా చేయండి” అన్నాడు.

సగం లేచిన టవర్ పక్కన నీలం టార్పాలిన్ కట్టారు. ఆరున్నరకే గుడిసెల రేకులు చురుక్కుమంటున్నాయి. ఆదివారమైనా ఎనిమిదింటికి పని ఎక్కాలి. ఊరి నుంచి వీళ్లందరినీ తెచ్చిన మేస్త్రి యాకోబే డోలక్ వాయిస్తున్నాడు. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం. ఇటుకలు మోసే మరియమ్మ లేచింది.

“పోయిన వారం మా ఆడబిడ్డ మూడో అంతస్తు మీద కండ్లు తిరిగి వడ్డది. బతికింది, దేవునికి స్తోత్రం.”

“స్తోత్రం” అన్నాం.

“మేం కట్టే ఇండ్లల్ల అర్రకొక ఏసీ వెడ్తరు. సల్లదనం లోపటికి, కాక బయటికి. బయట ఉండేది మేమే.” ఈసారి స్తోత్రం అనాలో వద్దో మాకు తెలియలేదు. “గందుకే అడుగుతున్న. పన్నెండు కొట్టంగనే పని ఆగాలె. నాలుగింటికి మళ్ల ఎక్కుతం. కూలి కొయ్యొద్దు. ఏసు నామంలో అడుగుతున్న తండ్రీ.”

ఆ చివరి మాట చెవిన పడితే మా నోళ్లు ఆగవు. అందరం ఒక్కసారే “ఆమెన్” అన్నాం. అందరికంటే పెద్ద గొంతు యాకోబుది, డోలక్ దెబ్బతో సహా.

మరియమ్మ అతనివైపు తిరిగింది. “అన్నా, నువ్వు గూడ అన్నవు.”

“అలవాటుల వచ్చింది.”

“అలవాటుల అన్నది దేవునికి ఇనవడదా?”

నవ్వులు లేచాయి. పాస్టర్ గారు మూతికి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు. యాకోబు మాత్రం నవ్వలేదు. “స్లాబు ఆలస్యమైతే బిల్డర్ నన్నడుగుతడు, దేవుణ్ణి గాదు.”

“పొద్దున ఐదింటికే మొదలెడితే గంటలు సరిపోతాయి కదయ్యా. ఇంజనీరుతో నేను మాట్లాడతా, పద” అన్నారు ఆంటీ, తన ఆఫీసు గొంతుతో.

అతను డోలక్ పక్కన పెట్టి లేచాడు. “వద్దాంటీ. ఆమెన్ అన్నది నేను. నేనే చెప్త.”

అతను లోపలికి వెళ్లగానే ఇంజనీరు ఉండే సైట్ ఆఫీసు తలుపు మూసుకుంది. మేం పాడుతూనే ఉన్నాం, అందరి కళ్లూ ఆ తలుపు మీదే. మూడో పాట మధ్యలో యాకోబు వచ్చి కూర్చుని, డోలక్ ఒళ్లోకి లాక్కున్నాడు. “ఇయ్యాల్టి సంది పన్నెండుకు బందు. కూలి కొయ్యరు” అన్నాడు. ఆ తరువాత పాడిన పాటకు శ్రుతి లేదు, లయ లేదు. అంత గొప్ప పాట నేనెక్కడా వినలేదు.

నమ్మకం చాలక పన్నెండు దాకా ఉన్నాను. విజిల్ మోగింది. టవర్ మీంచి మనుషులు అంతస్తు తరువాత అంతస్తు దిగి వచ్చారు. మరియమ్మ టార్పాలిన్ కింద వెల్లకిలా పడుకుని, “ఈ యాళకు నడుం వాల్చుడు పెండ్లైనంక ఇదే మొదలు” అంది.

వేడిని పుట్టించేవాళ్లు ఒకరు, మోసేవాళ్లు ఇంకొకరు అని ఎన్నోసార్లు చదివాను. ఆ లెక్కను ఆరాధనలో నిలబడి దేవుడి ముందూ మేస్త్రి ముందూ ఒకేసారి పెట్టడం మాత్రం ఇప్పుడే చూశాను. అడిగింది నాలుగు గంటల నీడ. దొరికింది.

మీరూ వెళ్లాలనుకుంటే తిరుగు ప్రయాణం సులువే. షేర్ ఆటోలో సెక్టార్ 52 మెట్రోకి వచ్చి, బొటానికల్ గార్డెన్‌లో మారితే మా గదికి దగ్గరి స్టేషన్ మునిర్కా. ఓఆర్‌ఎస్ పొట్లాలు పట్టుకెళ్లండి. పన్నెండు నుంచి నాలుగు మధ్య మాత్రం వెళ్లకండి. వాళ్లు నిద్రపోతుంటారు.