ఇచ్ఛాపురం దాటాక ఎడం చేతికి

ఫిబ్రవరి నెల, రెండో ఆదివారం, పొద్దున్న పదిన్నర గంటలు. టాటానగర్ సిద్ధగోరాలో మా అబ్బాయి ఇంటి ముందుగదిలో కూర్చుని, సముద్రం పక్కనున్న ఊళ్ళ మీదుగా కారులో వెళ్ళే ప్రయాణానికి ప్లాను వేస్తున్నాం. వచ్చే శుక్రవారం తెల్లారగట్ల బయల్దేరాలి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలి. సరదాకి కాదు. మా ఆయన కళ్ళు పోతున్నాయి. అవి పూర్తిగా పోయేలోగా ఆ తీరం ఆయనకి చూపించాలి. అంతే సంగతి.

కంటి వెనక నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకుందాం అని చుక్కల మందు రాశాడు. గోడ మీద అక్షరాల పలక చదివించి, "ఇంకా పరవాలేదు, వ్యవధి ఉంది" అని కూడా అన్నాడు. ఆ వ్యవధి అనే మాట పట్టుకుని మేం ప్రయాణం వెనక్కి జరుపుతూ వచ్చాం. ఒక నెల కొడుకు షిఫ్టు మారిపోయింది. ఇంకో నెల మనవరాలి పరీక్షలు. తర్వాత మా తమ్ముడి కారు గ్యారేజీలో పడింది. వాయిదా పడ్డ ప్రతిసారీ నాకు కోపం వచ్చేది. ఎవరి మీద అరవాలో తెలిసేది కాదు. గిన్నెల మీద అరిచేదాన్ని.

ఆయన టాటానగర్ స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బళ్ళని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదకి మళ్ళించే పని. పాసు మీద మా వైపు ఊళ్ళకి వెళ్ళినప్పుడల్లా తూర్పు కిటికీ పట్టుకుని కూర్చునేవాడు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, ఆ పొడుగునా సముద్రం దగ్గర్లోనే ఉంటుంది. సరుగుడు తోటలు కనిపిస్తాయి. గాలిలో ఉప్పు తెలుస్తుంది. నీళ్ళు మాత్రం కనిపించవు.

"రైలు మనం ఆపమన్న కాడ ఆగదే. ఒక్కసారి కారేసుకుని ఎల్లాల. నాకు బుద్ధి పుట్టిన కాడల్లా ఆపించుకుని దిగాల" అనేవాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అన్నాడు. రిటైరయ్యాకా అన్నాడు. నేను ఊఁ కొట్టాను. కళ్ళు ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అందుకని ఇంట్లో ఏదైనా రాసే పనుంటే ఇంకొకరికి ఇవ్వను. చాప మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, ఆయన చెప్పిన ఊళ్ళ పేర్లు రాస్తున్నాను.

"ముందు ఖరగ్‌పూర్. అక్కడ నీళ్ళు పట్టుకోవాల. తరవాత బాలాసోర్, భద్రక్, కటక్, ఖుర్దా రోడ్డు, బరంపురం..."

కారు మా తమ్ముడిది. ఊళ్ళోనే కద్మా నుంచి అదే వేసుకుని వచ్చాడు. వాడికి బావంటే ప్రాణం, కానీ నోరు ఊరుకోదు.

"బావా, కారుకి ఖరగ్‌పూర్‌తో ఏటి పని? బహరాగోరా మీంచి సీదా బాలాసోర్ దిగిపోతాం. నువ్వెక్కేది గూడ్సు బండి కాదు."

"మరి నీళ్ళో?"

"నీళ్ళు సీసాల్లో అమ్ముతున్నారు బావా. స్టేషన్ కొళాయి కాడ తోసుకోనక్కర్లేదు."

"నీ కారుని నమ్ముకుని ఎల్తే నీళ్ళొక్కటీ సాలవురా. మోకు కూడా పట్టుకెళ్ళాల, లాగడానికి."

అందరం నవ్వాం. గది మూల స్టౌ దగ్గరున్న కోడలు కూడా నవ్వి, "అత్తయ్యా, పులిహోర ఒక పూటకా, రెండు పూటలకా?" అని కేకేసింది. చాలా రోజుల తర్వాత ఇల్లు ఇల్లులా ఉంది అనుకున్నాను.

మా మనవరాలు కాలేజీలో చదువుతోంది. తెలుగులో అడిగితే సగం హిందీలో చెబుతుంది. అది ఫోనులో దారి చూస్తూ తలెత్తింది. "తాతా, ఇస్‌మే సముందర్ కహాఁ హై? అన్నీ స్టేషన్లే చెప్తున్నావ్!"

గుమ్మంలో నిలబడ్డ మా అబ్బాయి కూడా అన్నాడు. "అవును నాన్నా. ఇవన్నీ హైవే మీద ఊళ్ళు. ఇలాగెల్తే సముద్రం ఒక్క కాడా కనపడదు."

నేను రాసింది చూసుకున్నాను. నిజమే. సముద్రం చూడ్డానికి వెళ్ళే మనిషి రైలు దారి అంతా వరసగా చెప్పాడు. నేనూ భక్తిగా రాశాను. రైలు ఇంటివాళ్ళ బుద్ధి అంతే, పట్టా దాటి పోదు.

"ఇచ్ఛాపురం దాటాక ఎడం చేతికి తిరగాల" అన్నాడాయన. "ఎక్కడ తిరగాలో నాకేటి తెలుసు? పట్టా అటు ఎల్లదు గదా."

సరే, దారి మనవరాలికి వదిలేశాం. రాత్రి ఎక్కడ ఆగాలో మాత్రం తాతే చెప్పాలని అది మంచం ఎక్కి ఆయన పక్కన కూర్చుంది. ఫోనులో బొమ్మలు చూపించింది.

"యే దేఖో తాతా. పడవలు, లైట్‌హౌసు. మస్త్ హై న?"

"మస్తుగుంది."

"ఇది ఇంకో ఊరు. ఖాలీ ఇసక, సరుగుడు చెట్లు."

"బాగుంది."

అది బొమ్మల్ని ముందుకీ వెనక్కీ జరిపి, మళ్ళీ సరుగుడు చెట్ల బొమ్మ దగ్గర ఆపింది. "అయితే ఇక్కడ ఆగుదామా?"

ఆయన గుక్క తిప్పుకోకుండా, గట్టిగా చెప్పాడు. "ఇక్కడే ఆగుదాం. పడవలు బాగున్నాయి. లైట్‌హౌసు బాగుంది."

"అరే తాతా! ఇందులో పడవలేవి?"

"బావకి ఇసక మీద కూడా పడవలు కనపడతన్నాయి" అన్నాడు మా తమ్ముడు. "పొద్దున్నే ఏటి తాగేవు బావా? నాకూ కొంచెం ఉంచాల్సింది."

మళ్ళీ అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. నేను నవ్వలేదు. ఆ గొంతు నాకు తెలుసు.

పాయింట్స్‌మన్ కళ్ళకి రైల్వేలో పరీక్షలుంటాయి. పలక ముందు నిలబెట్టి చదివిస్తారు. చదవలేకపోతే పాయింట్ల దగ్గర్నుంచి తీసేసి ఏ ఆఫీసు గుమ్మంలోనో కూర్చోబెడతారు. తోటివాళ్ళ ముందు అది తలవంపు. అందుకని చూపు మందగించిన వాళ్ళు పలకని బట్టీ పట్టేవారు. ముందు వెళ్ళొచ్చినవాడు వెనకవాడికి వరసలు చెప్పేవాడు. మా ఆయన కూడా పరీక్ష వారమంతా పెరట్లో తిరుగుతూ ఆ అక్షరాలు వల్లించేవాడు. నాకు ఒక్క అక్షరం రాని రోజుల్లోనే ఆ పలక కింది వరస నోటికి వచ్చేసింది. వల్లించేటప్పుడు ఆయన గొంతు ఇలాగే ఉండేది. గట్టిగా, గుక్క తిప్పుకోకుండా. కళ్ళతో చదివే మనిషి తడుముకుంటాడు. బట్టీ పట్టినవాడు తడుముకోడు.

నేను అట్ట కింద పెట్టేశాను.

"ఏటయ్యా, మొన్న కళ్ళ డాక్టరు కాడ పలక కూడా ఇలాగే సదివేవా?"

"సదివేను. సదవకేటి?"

"సూసి సదివేవా? ఇని సదివేవా?"

ఆయన నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు. నా మీదకి కాదు. నా పక్కకి.

"నా ముందోళ్ళు సదువుతుంటే ఇన్నాను. సెవులు బాగానే ఉన్నాయి గదా."

మా అబ్బాయి గుమ్మంలోంచి ఒక్క అంగలో లోపలికి వచ్చాడు. "నాన్నా! అది నౌకరీ మెడికల్ కాదు! నీ కళ్ళు చూపించుకోడానికెల్లి డాక్టరునే మోసం చేత్తావా?"

"పలక ముందు నిలబెడితే కనపడతం లేదని ఎలా సెప్తాన్రా? సర్వీసంతా సెప్పలేదు. ఆ మాటకి నా నోరు తిరగలేదు."

ఎంత కనిపిస్తోందని అడిగాను. కుడి కన్ను దీపావళికే పోయిందట. ఎడమ కంట్లో మధ్యన పొగ, అంచున కాస్త వెలుతురు. మేం అటూ ఇటూ కదిలితే తెలుస్తుందట. అంటే మేం వాయిదాలు వేసుకుంటూ కూర్చున్న వ్యవధి అసలు లేనేలేదు. డాక్టరు ఇచ్చింది కాదది. ఈయన బట్టీ పట్టి తెచ్చింది. దీపావళి నుంచి ఒకే ఇంట్లో తిరుగుతున్నాం. ఆయన గోడ పట్టుకుని నడుస్తుంటే మోకాళ్ళ నొప్పనుకున్నాను.

నాకు కోపం రాలేదు. చాప మీంచి లేచాను. "లెగండి, ఇప్పుడే ఎల్దాం" అన్నాను. ఎక్కడికి అని మా తమ్ముడు అడిగితే సముద్రానికి అన్నాను. మరుక్షణం కాదు, డాక్టరు దగ్గరికి అన్నాను. ఆదివారం, ఆసుపత్రి లేదు. కొడుక్కి రెండు గంటలకి డ్యూటీ. నేను గదిలో నిలబడి ఊరికే చీర కొంగు మెలిపెట్టుకుంటున్నాను.

"డాక్టరొద్దు" అన్నాడాయన. "పోయిన సూపు తెత్తాడేటి? తేనని ఆయనే సెప్పేడు. ఆసుపత్రిలో పడుకోబెడితే ఈ ఉన్నది కూడా అక్కడే అయిపోతాది. ఉన్నదాంతో నన్ను అటు తీసుకెల్లిపోండి. అంచున కనపడింది కనపడతాది."

"రేపు డాక్టరు. సముద్రం తరవాత."

"తరవాత ఏటి సూత్తానే?"

"నన్ను సూద్దువు గానీ. ఉన్నది నిలబడితే నా మొహమైనా కనపడదా నీకు?"

"నిన్ను సూడ్డానికి కళ్ళెందుకే. నీ నోరు సాలు."

మా తమ్ముడు పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంక తియ్యలేదు. మనవరాలు తాత చెయ్యి పట్టుకుని, బొమ్మలు చూపించినందుకు సారీ సారీ అంటోంది. కోడలు స్టౌ ఆపేసింది.

సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వరసలో ఆయన పక్కనే కూర్చుని, ముందువాళ్ళు పలక చదువుతున్నంతసేపూ నా రెండు చేతులతో ఆయన చెవులు మూసి ఉంచాను. జనం చూశారు. చూడనీ. ఆయన వంతు వచ్చింది. పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. మెల్లగా, "కనపడతం లేదు సార్" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

కుడి కన్ను అయిపోయిందన్నారు. ఎడమ కంటికి ఏదో చేసి చూస్తామన్నారు, మాట ఇవ్వలేమన్నారు. తాము చెప్పేదాకా దూర ప్రయాణం వద్దన్నారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. ఆ తర్వాత ఆ అంచున ఉన్న వెలుతురు పెరగలేదు. ఇది రాసే నాటికి తరిగింది కూడా. సముద్రానికి ముందు తీసుకెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేను చేసిందే సరి అని చెప్పే ధైర్యం లేదు. ప్రయాణం మాత్రం కాలేదు.

ఊళ్ళ పేర్లు రాసిన కాగితం కింద ఇది కూడా రాసి ఉంచుతున్నాను, ఆ ప్రయాణానికని ఆ ఆదివారం ఆ గదిలో ఉన్నవాళ్ళం: కుర్చీలో మా తమ్ముడు, గుమ్మం దగ్గర మా అబ్బాయి, స్టౌ దగ్గర కోడలు, మంచం మీద మనవరాలు, దాని పక్కన మా ఆయన, కింద చాప మీద నేను.