బాపు టోపీల పహిల్వాన్

ఆ రోజుల్ల మా బొగ్గుగని క్వార్టర్ల పిల్లలకు బడైనా బువ్వైనా కార్డుల తర్వాతనే. కార్డులంటే పేకముక్కలు కాదు (గవి మా మామల ఆట), కుస్తీ పహిల్వాన్ల బొమ్మ కార్డులు. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పహిల్వాన్, కింద వాని ఎత్తు, బరువు, ర్యాంకు. నువ్వొక అంకె చదువుతవ్, అవుతలోని కార్డుల గది తక్కువుంటే (ర్యాంకైతే ఎక్కువుంటే) వాని కార్డు నీది. ఇప్పుడు మా బిడ్డ ఏవో తళతళ మెరిసే కార్డులు డబ్బల దాచుకొని, మనం ముట్టుకుంటే చేతులు విరుస్త అన్నట్టు చూస్తది. "గంత పిచ్చేందే నీకు!" అని నేనే తిడ్త. తిట్టి వంటింట్లకు పోయి నవ్వుకుంట, ఆ పిచ్చి ఎవరి దిక్కెళ్ళి వచ్చిందో నాకెరుకే.

నా దగ్గర ఒకటో ర్యాంకు కార్డు ఉండె. గోదావరిఖని మొత్తంల (అంటే మా రెండు లైన్ల క్వార్టర్లల; మాకు గదే గోదావరిఖని) గది నా ఒక్కదాని దగ్గరనే ఉండె. నడుముదాక జుట్టు, మొఖానికి రంగు, అంగి లేని ఒళ్ళు, కోరమీసం. మా తమ్ముడు దాని మీద కన్నేసిండు. పుస్తకాల దాస్తే వానికి దొరకవట్టె, బియ్యం డబ్బల దాస్తే అమ్మ వీపు సాపు చెయ్యవట్టె. ఆదివారం పెద్ద పందెం, ఆ కార్డు లేకుంటే నా ఇజ్జత్ పోయినట్టే. శనివారం పొద్దుగూకంగ ఉపాయం తట్టింది. మా బాపు గనికి పెట్టుకపోయే టోపీ! డ్యూటీ సామాను జోలికి ఇంట్ల ఎవ్వరు పోరు. టోపీ లోపటి పట్టీ సందుల కార్డు దోపి, నా అసొంటి తెలివిగల్లది ఇంకోతి లేదనుకుంట పండుకున్న. సెలవునాడు గూడ గనికి మనుషులను పిలుస్తరని, పిలిస్తే మా బాపు కాదనడని ఆ తెలివికి తట్టలే.

తెల్లారి లేచేసరికి బాపు లేడు, టోపీ లేదు. కడుపునొప్పని పొర్లి పందెం సాయంత్రానికి జరిపిన (అమ్మ వాము నీళ్ళు తాపింది, గది వేరే శిక్ష). మొదటి షిఫ్టు అయిపోయేదాక వాకిట్లనే కూసున్న. గని దిగే ముంగట బీడీలు, అగ్గిపెట్టెలు ఉన్నయేమోనని మనుషులను తడిమి చూస్తరు, లోపట అగ్గి పడితే అంతే సంగతులు గద. కార్డు గట్ల బయటపడ్డదని బాపుతోని పనిచేసే పక్క క్వార్టరు కాక సందు మొదట్ల నుంచే అర్సుకుంట వచ్చిండు, ఎనుకనే బాపు.

"వదినె! నీ బిడ్డ బంగారం! అన్న ఏ ఆపద లేకుండ పైలంగ రావాలని టోపీల దేవుణ్ణి పెట్టింది! తడిమెటాయన 'ఏంది గిది' అంటే, అన్నేమో 'మా బిడ్డ పెట్టిన దేవుడు' అన్నడు. మా బ్యాచంత మొక్కినం!"

"ఏ దేవుడు?" అన్నది అమ్మ.

"పోతరాజు లెక్క ఉన్నడు వదినె."

తమ్ముడు పక్కున నవ్వబోయిండు, వాని కాలు గట్టిగ తొక్కిన. బాపు టోపీల నుంచి కార్డు తీసి చేతుల పట్టుకొని, "నువ్వే పెట్టినవా బిడ్డా?" అన్నడు. మొఖం నిండ బొగ్గు, కండ్లు మాత్రం మెరుస్తున్నయ్. బయట పోరలు పందానికి పిలుస్తున్నరు. చెయ్యి చాపితే కార్డు నాది. "గది నా ర్యాంకు కార్డు బాపు" అన్న మాట నాలిక మీదికి వచ్చింది గూడ. ఆయన మొఖం చూసి మింగిన.

"అవు బాపు, నువ్వు పైలంగ రావాలని" అన్న.

బాపు కార్డు మళ్ళ పట్టీల దోపుకున్నడు. ఇగ తమ్ముని నోరు మూయించాలె గద, మిగిలిన కార్డులన్నీ వానికే ఇచ్చిన. ఆ దొంగ వాటితోనే పందెం గెలిచి, నాకు ఒక్క పిప్పరమెంటన్న పెట్టలే! నేను గోడ దిక్కు తిరిగి ఏడ్సుకుంట పండుకున్న. బాపు రిటైరయ్యేదాక ఆ పహిల్వాన్ రోజు గని దిగిండు. టోపీలు మారినయ్, వాడు మారలే. కాకైతే దసరా నాడు వానికి బొట్టు గూడ పెట్టెటోడు.

మొన్న మా బిడ్డ తన కార్డులు బాపుకు చూపెడ్తున్నది. బాపు అద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటి తిప్పి చూసి, "గీళ్ళేం పహిల్వాన్లే! మావోడు నూటనలభై కిలోలుండె" అన్నడు.

చాయ్ గ్లాసు కింద పెట్టిన. "గది దేవుడు కాదని నీకెరుకేనా బాపు?"

"దేవుళ్ళకు కిలోలు ఎవ్వరన్న రాస్తరానే? గని గేటుకాడ అందరు నవ్వుతరని దేవుడని చెప్పిన. ఇంటికొచ్చి నీది నీకిద్దామనే తీసిన. నువ్వేమో నా కోసమే పెట్టిన అంటివి. ఇగ ఎట్లియ్యాలె?"

"తర్వాతన్న ఇయ్యకపోతివి?"

"నేను పైలంగ రావాలని అంటివి గద బిడ్డా. తీయ బుద్ధి కాలే."

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయ్. గోడ దిక్కు తిరిగి ఏడ్సిన ఆ పోరి ఇప్పుడు కనవడితే నెత్తి నిమిరి ఈ ముచ్చట చెప్పాలనిపిస్తది. చెప్పినా అది ఇంటదా? ముందుగాల కార్డే అడుగుతది.