విచారణ ఆ గదిలోనే

మా మేనత్తకు నోటిదురుసు పుట్టుకతోనే వచ్చిందని వాళ్ల ఆఫీసులో చెప్పుకునేవారు. శుద్ధ అబద్ధం. చిన్నప్పుడు మేం ఇల్లు పీకి పందిరేసినా పల్లెత్తు మాట అనలేదావిడ. ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దున తేనె ఒలికే గొంతు, మధ్యాహ్నానికి నిప్పులు కురిసేది.

ఆవిడొక్కతేనా? ఆ గదిలో అందరిదీ అదే తంతు. పైవాళ్లు బీరువాలు తెచ్చి కిటికీలకు అడ్డంగా పెట్టించారు. ఏసీ గాలి నెత్తిన కొడుతోందని గదిలోవాళ్లు ఎవరి నెత్తిపైనున్న ఏసీ రంధ్రానికి వాళ్లు అట్టముక్క అంటించుకున్నారు. ఇక గాలెక్కడిది? తివాచీ ముక్కిన వాసన, అందరికీ తలనొప్పి, పెన్ను కిందపడితే తగాదా. ఆదివారం ఇంట్లో ఉంటే అత్తకు ఆ తలనొప్పే రాదు. గదిమీద ఆవిడకు అనుమానం అక్కడే మొదలైంది.

ఈలోగా ఫోన్లో ఎవరో పెద్దమనిషిని "మీకు చెవులున్నాయా?" అని అడిగేసింది. విచారణ వేశారు. తప్పని తేలితే ఉద్యోగం ఊడుతుంది. మామయ్య పోయాక ఇల్లు నడిచేది ఆ జీతంతోనే.

విచారణకొచ్చిన అధికారి నెమ్మదికి పెట్టింది పేరు. తన గదికి రమ్మన్నాడు.

"నేను అరిచింది మా గదిలో సార్. అక్కడే కూర్చుని అడగండి," అంది అత్త.

అదీ న్యాయమే అనుకున్నాడు పాపం. వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి కణతలు నొక్కుకున్నాడు. అడిగిందే మళ్లీ అడిగాడు. భోజనాల వేళకు, టీ మనిషి కప్పు కాస్త చప్పుడుగా పెట్టాడని "కళ్లు నెత్తికెక్కాయా?" అని గది అదిరేలా అరిచాడు.

అందరూ బిక్కచచ్చిపోయారు. అత్త మాత్రం మెత్తగా, "సార్, ఈ గదిలో మేం రోజంతా ఉంటాం," అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ఆయన మొండివాడు కాదు. టీ మనిషికి క్షమాపణ చెప్పి, చొక్కా చేతులు మడిచి బీరువాకు ఒకవైపు తనే పట్టాడు. రెండోవైపు అత్త. మిగతావాళ్లు ఎవరి అట్టముక్క వాళ్లు పీక్కున్నారు, ఒకరి మొహం ఒకరు చూసి నవ్వు ఆపుకోలేక. తుప్పుపట్టిన గొళ్లెం కిర్రుమంది. కిటికీ తెరుచుకుంది.

"మరి నా సంగతేంటి సార్?"

"ముద్దాయిని ఇప్పుడే పక్కకు జరిపాం కదమ్మా. రేపట్నుంచి మామూలుగా పనిలోకి రండి."

"రేపెందుకు సార్?" అని, మోగుతున్న ఫోన్ ఎత్తింది అత్త.